సరిహద్దు దాటే రాయల్టీలు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు రుసుములు: ప్రభుత్వం ఎందుకు లెక్క అడుగుతుంది, ఏది ఏ వరుసలో రాయాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. మీ కంపెనీ విదేశీ సంస్థల నుంచి సాఫ్ట్‌వేర్ కొంటుంది, తాను తయారు చేసిన సాఫ్ట్‌వేర్‌ను విదేశీ పంపిణీదారులకు లైసెన్సు మీద ఇస్తుంది. ఒకే చెల్లింపును మీ ఆడిటర్ రాయల్టీ అంటున్నారు, బ్యాంకు సాఫ్ట్‌వేర్ సేవల కింద నమోదు చేస్తోంది, ప్రభుత్వ గణాంక సర్వే పత్రంలోనేమో ఈ రెండింటికీ వేర్వేరు వరుసలు కనిపిస్తున్నాయి. పన్ను రిటర్నులు సకాలంలోనే వేస్తున్నప్పుడు మళ్లీ ఈ వివరాలు ఎందుకు, ఇవి పన్ను అధికారులకు చేరతాయా, తప్పు వరుసలో రాస్తే ఏమవుతుంది అన్నవి మీ సందేహాలు. ఇలాంటి నివేదికలు తయారు చేయడం చాలా కాలంగా నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను. మీ సంస్థకు అమెరికాలోనూ భారతదేశంలోనూ కార్యాలయాలున్నాయని చెప్పారు గనుక రెండు దేశాల పద్ధతులనూ ప్రస్తావిస్తాను.

ముందుగా తేల్చవలసిన విషయం ఒకటుంది. ఆ ముగ్గురూ చెప్పేది ఏకకాలంలో సరైనదే కావచ్చు. ఆడిటర్ చూసేది పన్ను చట్టం, రెండు దేశాల మధ్య ఉన్న పన్ను ఒప్పందం. బ్యాంకు చూసేది విదేశీ మారకద్రవ్య నిబంధనలు. గణాంక సంస్థ చూసేది మాత్రం ఆ డబ్బుకు బదులుగా సరిహద్దు దాటి వచ్చిన హక్కు ఎలాంటిదన్నది ఒక్కటే. ఇన్వాయిస్ మీద ఏమి రాసి ఉందన్నదానితో దానికి పెద్దగా పని లేదు. కాబట్టి ఒక పత్రంలో రాసిన శీర్షికను ఇంకో పత్రంలోకి యథాతథంగా ఎత్తి రాయకూడదు. ఈ పత్రాల్లో వచ్చే పొరపాట్లలో అధిక భాగం ఇలా ఎత్తి రాయడం వల్లనే వస్తున్నాయని నా అనుభవం.

ఇక, ఎందుకు అడుగుతారన్నది. సరుకు ఓడరేవులోనో విమానాశ్రయంలోనో దిగితే కస్టమ్స్ పత్రం పుడుతుంది, ఆ పత్రం నుంచే దిగుమతి లెక్క తయారవుతుంది. పేటెంటును వాడుకునే హక్కు, ట్రేడ్‌మార్కును అతికించుకునే హక్కు, సాఫ్ట్‌వేర్‌ను ప్రతులు తీసి అమ్ముకునే హక్కు ఏ రేవులోనూ దిగవు. డౌన్‌లోడ్ చేసుకున్న సాఫ్ట్‌వేర్‌ను కస్టమ్స్ అధికారి చూడడు. అయినా డబ్బు మాత్రం దేశం దాటుతుంది, విదేశీ చెల్లింపుల శేషంలోని, అంటే దేశానికి విదేశాలతో ఉన్న జమాఖర్చుల లెక్కలోని, కరెంట్ ఖాతాలో అది కనిపించి తీరాలి. అందుకోసం అంతర్జాతీయ ద్రవ్య నిధి ప్రచురించే మాన్యువల్‌ను దేశాలన్నీ అనుసరిస్తాయి. 1993 నాటి అయిదో సంచికలో ఈ అంశానికి ‘రాయల్టీలు, లైసెన్సు రుసుములు’ అన్న శీర్షిక ఉండేది. 2009 నాటి ఆరో సంచిక దాన్ని తీసేసి, ‘మేధో సంపత్తి వినియోగ రుసుములు’ అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టి, లోపల ఏవి చేరాలో ఏవి చేరకూడదో మళ్లీ గీత గీసింది. ఏడో సంచిక 2025లో వెలువడినా, దేశాలు దానికి మారడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. ప్రస్తుతం మీ చేతిలో ఉన్న పత్రం ఆరో సంచిక లెక్కలోనే ఉందని అనుకోవచ్చు.

ఈ లెక్క సేకరించడానికి ప్రభుత్వాల ముందు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. ఒకటి, డబ్బు బ్యాంకు గుండా పోయేటప్పుడే దాని ప్రయోజనమేమిటో అడిగి నమోదు చేయడం. రెండోది, ఎంపిక చేసిన కంపెనీలకు నేరుగా సర్వే పత్రం పంపడం. భారతదేశం ప్రధానంగా మొదటి మార్గంలో నడుస్తుంది. 1999 నాటి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, అంటే ఫెమా, కింద అధీకృత డీలర్ బ్యాంకులు, అంటే విదేశీ మారకద్రవ్య లావాదేవీలకు అనుమతి పొందిన బ్యాంకులు, ప్రతి విదేశీ చెల్లింపుకూ, ప్రతి విదేశీ వసూలుకూ ఒక పర్పస్ కోడ్ వేసి రిజర్వు బ్యాంకుకు నివేదిస్తాయి. వసూళ్ల కోడ్ ‘పి’ అక్షరంతోనూ, చెల్లింపుల కోడ్ ‘ఎస్’ అక్షరంతోనూ మొదలవుతుంది. తరవాతి అంకెల్లో 08తో మొదలయ్యేవి టెలికాం, కంప్యూటర్, సమాచార సేవలు, 09తో మొదలయ్యేవి మేధో సంపత్తి వినియోగ రుసుములు. విదేశాలకు డబ్బు పంపడానికి బ్యాంకుకిచ్చే ఎ2 ఫారంలో మీరు సంతకం పెట్టేటప్పుడు బ్యాంకు ఉద్యోగి అడిగే ‘పర్పస్ కోడ్ ఏమిటండీ?’ అన్న ప్రశ్నే జాతీయ గణాంకాలకు ముడిసరుకు. ఆ క్షణంలో కౌంటరు దగ్గర తోచిన కోడ్ వేయించుకుని వచ్చేసే కంపెనీలు తక్కువేమీ కావు.

బ్యాంకు మార్గానికి ఒక బలం ఉంది, ఒక బలహీనత ఉంది. బలమేమిటంటే దాదాపు ఏ లావాదేవీ దాని కన్ను తప్పించుకోదు. బలహీనత ఏమిటంటే బ్యాంకుకు కనిపించేది డబ్బు మాత్రమే. మాతృ సంస్థకు మీరు ఇవ్వవలసిన రాయల్టీని, అది మీకు ఇవ్వవలసిన సేవా రుసుముతో సర్దుబాటు చేసుకుని మిగిలిన తేడా మాత్రమే పంపితే, బ్యాంకు ఆ తేడానే చూస్తుంది. అందుకే భారతదేశంలోనూ బ్యాంకు లెక్కకు తోడు సర్వేలు అవసరమయ్యాయి. సాఫ్ట్‌వేర్, ఐటీ ఆధారిత సేవల ఎగుమతుల మీద రిజర్వు బ్యాంకు ఏటా ఒక సర్వే నిర్వహిస్తుంది. విదేశీ పెట్టుబడి ఉన్న కంపెనీలు జూలై 15లోగా విదేశీ ఆస్తి అప్పుల వార్షిక రిటర్ను వేస్తాయి. మీ కంపెనీ ఎగుమతులు చేస్తోంది కాబట్టి సాఫ్టెక్స్ పత్రం గురించి మీకు తెలిసే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఎగుమతిని ధ్రువీకరించడానికి పుట్టిన ఆ పత్రంలో రాయల్టీ వసూళ్లను విడిగా చూపే భాగం కూడా ఉంది.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, ఎందుకంటే ఈ సేకరణ ఇంత ముఖ్యమెలా అయిందో దాని వల్ల తెలుస్తుంది. 2009 డిసెంబరు వరకు భారతదేశంలో విదేశీ సాంకేతిక సహకారానికి ప్రభుత్వ అనుమతి లేకుండా చెల్లించగలిగిన మొత్తానికి పరిమితులుండేవి. ఏకమొత్తంగా అయితే 20 లక్షల డాలర్లు, రాయల్టీగా అయితే దేశీయ అమ్మకాల మీద 5 శాతం, ఎగుమతుల మీద 8 శాతం. అంతకు మించి ఇవ్వాలంటే ఢిల్లీలో దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ పరిమితుల్ని 2009లో ఎనిమిదో నంబరు ప్రెస్ నోట్ ద్వారా ఎత్తివేశారు. అనుమతి ఫైలు ఉన్నంతకాలం సమాచారం దానంతట అదే ప్రభుత్వం దగ్గర ఉండేది. ఫైలు పోయాక, చెల్లింపు జరిగిన తరవాత వివరాలు తెప్పించుకోవడం ఒక్కటే మార్గంగా మిగిలింది. ప్రభుత్వం నియంత్రణ వదులుకున్న చోటల్లా గణాంక సేకరణ భారం పెరుగుతుందని నేననుకుంటాను. దీన్ని వేధింపుగా చూసేవారికి ఈ సంగతి గుర్తు చేస్తుంటాను.

అమెరికా రెండో మార్గంలో నడుస్తుంది. అక్కడ విదేశీ మారకద్రవ్య నియంత్రణ లేదు కాబట్టి బ్యాంకుల నుంచి ఈ రకమైన లెక్క రాదు. వాణిజ్య శాఖ కింద పనిచేసే బ్యూరో ఆఫ్ ఎకనామిక్ అనాలిసిస్ అనే సంస్థ కంపెనీలనే నేరుగా అడుగుతుంది. దానికి అధికారమిచ్చింది 1976 నాటి చట్టం. మొదట పెట్టుబడుల సర్వేలకు ఉద్దేశించిన ఆ చట్టాన్ని 1984లో సేవల వాణిజ్యానికి విస్తరించారు. మీకు వచ్చినది బహుశా బిఇ-125 పత్రం. ఎంపిక చేసిన సేవలు, మేధో సంపత్తి విషయంలో విదేశీయులతో జరిగే లావాదేవీల మీద మూడు నెలలకొకసారి జరిపే సర్వే అది. అంతకు ముందు ఆర్థిక సంవత్సరంలో ఇలాంటి అమ్మకాలు 60 లక్షల డాలర్లు దాటినా, కొనుగోళ్లు 40 లక్షల డాలర్లు దాటినా, లేదా నడుస్తున్న సంవత్సరంలో దాటవచ్చని తోచినా, వివరాలు పూర్తిగా ఇవ్వాలి. త్రైమాసికం ముగిసిన 30 రోజుల్లోగా, ఆర్థిక సంవత్సరపు చివరి త్రైమాసికానికైతే 45 రోజుల్లోగా పంపాలి. ఆ పరిమితుల లోపల ఉన్నా, పత్రం మీ పేరున వచ్చిందంటే మినహాయింపు కోరుతూ జవాబివ్వాలి, మౌనంగా పక్కన పడేయకూడదు. అయిదేళ్లకొకసారి ఇదే విషయం మీద ఇంకా విస్తారమైన బిఇ-120 సర్వే జరుగుతుంది.

ఇప్పుడు అసలు చిక్కుముడి. సాఫ్ట్‌వేర్‌కు కట్టే రుసుము మేధో సంపత్తి వరుసలోకి వెళ్తుందా, కంప్యూటర్ సేవల వరుసలోకి వెళ్తుందా? ఆరో సంచిక గీసిన గీత ఒక్క మాటలో చెప్పగలిగినదే: వాడుకునే హక్కు వేరు, ప్రతులు తీసి పంచే హక్కు వేరు. దుకాణంలో పుస్తకం కొన్నవాడు చదువుకుంటాడు, ప్రచురణ హక్కు కొన్నవాడు అచ్చు వేసి అమ్ముకుంటాడు. ఇద్దరూ డబ్బే కట్టారు, కాని కొన్నది ఒకటి కాదు. మీ ఉద్యోగులు తమ పనికి వాడుకునేందుకు విదేశీ సాఫ్ట్‌వేర్‌ను డౌన్‌లోడ్ చేసుకుని ఏడాదికింత అని కడితే, దానికి లైసెన్సు రుసుమని పేరున్నా అది కంప్యూటర్ సేవ. అదే సాఫ్ట్‌వేర్‌ను మీ దేశంలో ప్రతులు తీసి అమ్ముకోవడానికో, మీరు తయారు చేసే పరికరంలో పొదిగి అమ్ముకోవడానికో హక్కు పొంది కడితే, అది మేధో సంపత్తి వినియోగ రుసుము. సేవల వాణిజ్యపు అంతర్జాతీయ వర్గీకరణ ఈ రెండో తరగతిని, అంటే మేధో సంపత్తి రుసుములను, మళ్లీ నాలుగుగా విడదీస్తుంది: ఫ్రాంచైజీ, ట్రేడ్‌మార్కు రుసుములు ఒకటి, పరిశోధన ఫలితాలను వాడుకునే లైసెన్సులు ఒకటి, సాఫ్ట్‌వేర్ ప్రతులు తీసి పంచే లైసెన్సులు ఒకటి, సినిమా సంగీతాల వంటి దృశ్యశ్రవణ కృతుల లైసెన్సులు ఒకటి.

గీత తేలికే కాని అంచుల్లో కొన్ని కేసులు కాస్త వింతగా కనిపిస్తాయి. శాశ్వత వాడకపు హక్కుతో డిస్కులో పెట్టి పంపిన రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సేవ కిందికే రాదు, అది సరుకు. అదే డిస్కు ఏడాదికొకసారి రుసుము కట్టే షరతు మీద వస్తే మళ్లీ కంప్యూటర్ సేవ అవుతుంది. కంప్యూటర్లో ముందే ఎక్కించి వచ్చిన సాఫ్ట్‌వేర్ ధర ఆ యంత్రం ధరలోనే కలిసిపోతుంది. ప్రత్యేకంగా మీ కోసం రాయించుకున్న సాఫ్ట్‌వేర్ ఎలా చేతికి వచ్చినా కంప్యూటర్ సేవే. సాఫ్ట్‌వేర్ మూల ప్రతిని యాజమాన్య హక్కులతో సహా పూర్తిగా అమ్మేస్తే, చాలామంది అనుకునేట్టు అది మేధో సంపత్తి రుసుము కాదు, అది కూడా కంప్యూటర్ సేవల్లోకే పోతుంది. పేటెంటును పూర్తిగా అమ్మితే పరిశోధన, అభివృద్ధి సేవల్లోకి పోతుంది. ట్రేడ్‌మార్కును పూర్తిగా అమ్మితే ఏ సేవల పద్దులోకీ రాకుండా మూలధన ఖాతాలోకి పోతుంది. పూర్తి విక్రయానికీ, కొంతకాలం వాడుకోనివ్వడానికీ మధ్య తేడా చూడకుండా అన్నింటినీ రాయల్టీ వరుసలో పోస్తే మూడు పద్దులు ఒకేసారి తప్పుతాయి.

క్లౌడ్ చందాల గురించి విడిగా అడిగారు. నెలకింత అని కట్టి బ్రౌజరు ద్వారా వాడుకునే సాఫ్ట్‌వేర్‌లో మీ చేతికి ప్రతి కూడా రాదు, ప్రతులు తీసే హక్కు అసలే రాదు. అది కంప్యూటర్ సేవ, అందులో అనుమానం అక్కరలేదు. అనుమానించవలసినది మీరు ఆ క్లౌడ్ సేవను మీ పేరు మీద తిరిగి అమ్ముతున్నప్పుడు. అప్పుడు ఒప్పందాన్ని చదవాలి. మీరు కేవలం కమీషన్ మీద అమ్మిపెట్టే ఏజెంటు అయితే మీకు వచ్చేది వాణిజ్య సంబంధ సేవా రుసుము. మీరే కొని మీరే అమ్ముతుంటే కొనుగోలు, అమ్మకం రెండూ పూర్తి మొత్తాలతో కనిపించాలి. సొంత బ్రాండుతో పంచుకునే హక్కును కూడా విడిగా ధర కట్టి ఇచ్చి ఉంటే ఆ భాగం మేధో సంపత్తి వరుసకు చెందుతుంది.

ఒక ఒప్పందాన్ని దగ్గరగా చూద్దాం. అంకెలు ఉదాహరణకు వేసినవే. మీ కంపెనీ ఒక విదేశీ పంపిణీదారుతో ఏడాదికి 1,00,000 డాలర్లకు ఒప్పందం చేసుకుంది. ఇన్వాయిస్‌లో ఒకే పంక్తి, ‘లైసెన్సు రుసుము’ అని. ఒప్పందం అనుబంధాలు తిరగేస్తే అసలు సంగతి బయటపడుతుంది: మూల ప్రతి నుంచి ప్రతులు తీసి తన దేశంలో అమ్ముకునే హక్కుకు 60,000, పంపిణీదారు తన సొంత కార్యాలయంలో వాడుకునే ప్రతులకు 15,000, లోపాలు సరిచేసి కొత్త వెర్షన్లు ఇవ్వడానికి 20,000, మీ పేరును, చిహ్నాన్ని తన ప్రకటనల్లో వాడుకోవడానికి 5,000. గణాంక పత్రంలో మొదటి 60,000 సాఫ్ట్‌వేర్ ప్రతులు తీసి పంచే లైసెన్సు. 15,000, 20,000 రెండూ కలిపి 35,000 కంప్యూటర్ సేవ. చివరి 5,000 ట్రేడ్‌మార్కు రుసుము. ఇలా విడదీసేందుకు అనుబంధాల్లో అంకెలు లేకపోతే, ఉత్పత్తి విభాగం వారిని అడిగి సహేతుకమైన అంచనా వేయవచ్చు. అంచనా ఎలా వేశారో ఫైలులో ఒక పేజీ రాసి పెట్టుకోవాలి. ఏ రకంగానూ విడదీయలేనప్పుడే ప్రధాన భాగం ఏదో చూసి మొత్తాన్ని ఆ వరుసలో వేస్తారు. చాలా కంపెనీలు ఈ చివరి ఉపాయాన్నే మొదటి ఉపాయంగా వాడుకుంటాయి. అది నాకు నచ్చదు. అనుబంధం తెరిచి చూస్తే అరగంటలో తేలే పని అది.

పన్ను దగ్గరికి వస్తే గీత పూర్తిగా వేరే చోట ఉంటుంది. భారత ఆదాయపు పన్ను చట్టంలో రాయల్టీ నిర్వచనానికి 2012 ఆర్థిక చట్టం ఒక వివరణ చేర్చి, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వాడుకునే హక్కు కూడా అందులోకి వస్తుందని, అదీ 1976 జూన్ నుంచే వచ్చినట్టని పేర్కొంది. అంటే గణాంకాల్లో నికరంగా కంప్యూటర్ సేవ అయినది దేశీయ పన్ను చట్టంలో రాయల్టీ అయింది. ఆ తరవాత ఇంజినీరింగ్ అనాలిసిస్ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ కేసులో 2021 మార్చి 2న సుప్రీంకోర్టు, తుది వినియోగదారులూ పంపిణీదారులూ విదేశీ సాఫ్ట్‌వేర్ సరఫరాదారులకు కట్టేది కాపీరైట్‌ను వాడుకున్నందుకు కాదని, పన్ను ఒప్పందాల ప్రకారం అది రాయల్టీ కాదని, కనుక దాని మీద మూలంలో పన్ను (టీడీఎస్) కోయనక్కరలేదని తీర్పునిచ్చింది. భారత నివాసులు కాని వ్యక్తులకు, సంస్థలకు చెల్లించే రాయల్టీ, సాంకేతిక సేవా రుసుముల మీద పన్ను రేటును 2023 ఆర్థిక చట్టం 10 శాతం నుంచి 20 శాతానికి పెంచింది కాబట్టి ఒప్పందాల ఆసరా మీద ఆధారపడేవారు ఎక్కువయ్యారు. మీ ఆడిటర్ ఏ వైపు మొగ్గినా ఆయన దగ్గర కారణం ఉంటుంది. ఆ కారణం మీ సర్వే పత్రానికి కారణం కాదు. సుప్రీంకోర్టు కాదన్నది కదా అని ప్రతులు తీసే హక్కు రుసుమును మేధో సంపత్తి వరుసలోంచి తీసేయడం, ఆడిటర్ రాయల్టీ అన్నారు కదా అని డౌన్‌లోడ్ చందాను ఆ వరుసలో వేయడం, రెండూ ఒకే జాతి తప్పులు.

అంకె ఎంత రాయాలన్నది ఇంకో సందేహం. పన్ను కోసిన తరవాత చేతికందిన మొత్తం రాయకూడదు. ఒప్పందం ప్రకారం రావలసిన పూర్తి మొత్తం రాయాలి. విదేశీ పంపిణీదారు 60,000 డాలర్లలో తన దేశపు పన్ను 10 శాతం కోసి 54,000 పంపితే మీ పత్రంలో 60,000 ఉండాలి. బ్యాంకు లెక్కలో 54,000 ఉంటుంది, ఈ రెండూ ఎందుకు కలవలేదని కంగారు పడనక్కరలేదు. అలాగే డబ్బు ఎప్పుడు వచ్చిందన్నది కాదు, హక్కు ఏ త్రైమాసికంలో వినియోగమై రుసుము లెక్కకు వచ్చిందన్నదే చూడాలి. దేశం విషయంలో కూడా డబ్బు చేరిన బ్యాంకు ఏ దేశంలో ఉందన్నది అప్రస్తుతం. ఒప్పందంలో ఎదుటి పక్షం ఏ దేశపు సంస్థో ఆ దేశమే రాయాలి. సాఫ్ట్‌వేర్ కాలిఫోర్నియాలో తయారై, ఒప్పందం ఐర్లండ్ సంస్థతో కుదిరి, డబ్బు సింగపూర్ ఖాతాకు వెళ్తే, వరుసలో రావలసినది ఐర్లండ్.

ఐర్లండ్ పేరు ఊరికే ఎత్తలేదు. బహుళజాతి సంస్థలు తమ మేధో సంపత్తిని ఎక్కడ నమోదు చేసుకుంటే రుసుములు అక్కడికి ప్రవహిస్తాయి, ప్రయోగశాల ఏ దేశంలో ఉన్నా సరే. 2015లో కొన్ని పెద్ద సంస్థలు తమ మేధో ఆస్తులను ఐర్లండ్‌కు మార్చుకోవడం ప్రధాన కారణంగా ఆ దేశపు స్థూల దేశీయోత్పత్తి ఒకే ఏడాదిలో 26.3 శాతం పెరిగినట్టు 2016 జూలైలో లెక్క తేలింది. దేశంలో ఎవరి జీతమూ ఆ లెక్కన పెరగలేదు. ఆ అంకెతో ఆర్థిక వ్యవస్థను అంచనా వేయలేమని గ్రహించిన అక్కడి కేంద్ర గణాంక కార్యాలయం 2017 నుంచి సవరించిన స్థూల జాతీయాదాయం అనే ప్రత్యేక కొలమానాన్ని ప్రచురిస్తోంది. అందుకే సర్వే పత్రాలు ప్రతి వరుసలోనూ ‘అనుబంధ సంస్థతోనా, సంబంధం లేని సంస్థతోనా’ అని విడిగా అడుగుతాయి. అమెరికా సర్వేలో ఓటు హక్కులో కనీసం 10 శాతం వాటా ఉంటే అనుబంధ సంస్థ. మాతృ సంస్థ ఒక వైపు, మీ కింది సంస్థలు ఇంకో వైపు, బయటివారు మూడో వైపు. మూడింటినీ కలిపేసి ఒకే అంకె ఇస్తే ఆ పత్రం తిరిగి వస్తుంది, లేదా ఒక అధికారి ఫోన్ చేస్తారు.

గోప్యత గురించి మీ భయం సహజమే. అమెరికా చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. 1976 చట్టం కింద ఇచ్చిన వివరాలను గణాంక, విశ్లేషణ అవసరాలకే వాడాలి. పన్ను విధించడానికి, దర్యాప్తుకు, నియంత్రణకు వాడకూడదు. ప్రచురించే పట్టికలో ఏదైనా గడి వల్ల ఒక కంపెనీ లెక్క బయటపడే ప్రమాదముంటే ఆ గడిలో అంకెకు బదులు ‘డి’ అన్న అక్షరం పెడతారు. మేధో సంపత్తి పట్టికల్లో చిన్న దేశాల వరుసల్లో ఆ అక్షరం తరచుగా కనిపించడానికి కారణం ఒకటి రెండు సంస్థలే ఆ గడిని నింపడం. భారతదేశంలో మాత్రం రెండు సంగతులను వేరుగా చూడాలి. రిజర్వు బ్యాంకు సర్వేకు ఇచ్చే జవాబులు మొత్తాలుగానే బయటికి వస్తాయి. కాని ఎ2 ఫారంలో, పర్పస్ కోడ్‌లో మీరు ఇచ్చేది ఫెమా కింద చేసిన ప్రకటన. విదేశీ చెల్లింపులకు ఆదాయపు పన్ను చట్టం కింద ఇచ్చే 15సిఎ వంటి సమాచారమైతే నేరుగా పన్ను శాఖ కోసమే పుట్టినది. వాటికి సర్వే పత్రానికున్న రక్షణ ఉంటుందని అనుకోకూడదు. వాటి మధ్య వైరుధ్యం కనిపిస్తే అధికారి అడగవచ్చు, అడిగినప్పుడు చూపడానికి పైన చెప్పిన ఒక పేజీ వివరణ పనికొస్తుంది.

తప్పు వరుసలో రాస్తే ఏమవుతుందన్నదానికి రెండు జవాబులు. దేశానికి జరిగేది ఏమిటంటే, ఒక దేశం మేధో సంపత్తి ఎగుమతిగా రాసుకున్నదాన్ని అవతలి దేశం కంప్యూటర్ సేవల దిగుమతిగా రాసుకుంటుంది. రెండు దేశాల పట్టికలు పక్కపక్కన పెడితే పొంతన ఉండదు, వాణిజ్య చర్చల్లో ఎవరి అంకె పట్టుకోవాలో తెలియదు. ఏడాదికి మించి వాడుకునే సాఫ్ట్‌వేర్ లైసెన్సును జాతీయ ఆదాయపు లెక్కల్లో పెట్టుబడిగా చూస్తారు కాబట్టి తప్పు అక్కడికీ పాకుతుంది. మీకు జరిగేది వేరు. నిజాయితీగా చేసిన వర్గీకరణ పొరపాటుకు ఎవరూ శిక్షించిన సందర్భం నేను చూడలేదు, సవరించమని అడుగుతారు. అసలు జవాబే ఇవ్వకపోతే మాత్రం అమెరికా చట్టం 2,500 నుంచి 25,000 డాలర్ల దాకా సివిల్ జరిమానా నిర్ణయించింది, ద్రవ్యోల్బణాన్ని బట్టి ఆ మొత్తాలను పెంచుతూ వస్తున్నారు. కావాలని ఎగ్గొట్టినవారికి 10,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు కూడా ఆ చట్టంలో ఉన్నాయి.

ఆచరణలో మీరు చేయవలసిన పని అకౌంట్ల పుస్తకంలోనే మొదలవుతుంది. ఇప్పుడు మీ లెడ్జర్‌లో ‘సాఫ్ట్‌వేర్ ఖర్చులు’ అని ఒకే పద్దు ఉందన్నారు. దాన్ని వాడుకునే లైసెన్సులు, పంచుకునే హక్కులు, నిర్వహణ, పూర్తి కొనుగోళ్లు అని నాలుగుగా చీల్చి, ప్రతి ఎంట్రీకి ఎదుటి సంస్థ దేశాన్ని, అది అనుబంధ సంస్థా కాదా అన్నదాన్ని చేర్చండి. త్రైమాసికం చివర పత్రం నింపడానికి కూర్చున్నప్పుడు ఒప్పందాలు వెదకడం మొదలుపెడితే 30 రోజులు చాలవు. కొత్త ఒప్పందం మీద సంతకమైన రోజే న్యాయ విభాగం వారు ‘ప్రతులు తీసే హక్కు ఉందా, లేదా’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు రాసి అకౌంట్ల విభాగానికి పంపే ఏర్పాటు చేసుకుంటే సగం పని తీరిపోతుంది. బ్యాంకుకు ఇచ్చే పర్పస్ కోడ్ కూడా అదే జవాబు నుంచి రావాలి, కౌంటరు దగ్గర నిర్ణయించకూడదు.

గత త్రైమాసికాల్లో మొత్తం రుసుమును రాయల్టీ వరుసలోనే వేసి పంపామని చివర్లో రాశారు. వాటిని అలాగే వదిలేసి ఈ త్రైమాసికం నుంచి సరిగ్గా రాస్తే, మీ రాయల్టీలు ఒక్కసారిగా పడిపోయి కంప్యూటర్ సేవలు ఎగబాకినట్టు కనిపిస్తుంది. వారు కారణమడిగి తీరతారు. కాబట్టి ముందు పత్రం మీద ఉన్న సంప్రదింపు విభాగానికి ఒక లేఖ రాసి, ఏయే త్రైమాసికాలను సవరిస్తున్నారో చెప్పి, సవరించిన పత్రాలను ఈ త్రైమాసికపు పత్రంతో పాటే పంపండి. సవరించిన ప్రతులనూ, విడదీసిన లెక్కలనూ గడువు తేదీ నుంచి కనీసం 3 ఏళ్లు దాచిపెట్టండి. భారత కార్యాలయం వైపు పర్పస్ కోడ్ తప్పిన చెల్లింపులేమైనా ఉంటే, వాటిని సరిచేయమని మీ అధీకృత డీలర్ బ్యాంకుకు రాతపూర్వకంగా, ఒప్పందం నకలు జతచేసి అడగాలి. ఆ సవరణ బ్యాంకు ద్వారానే రిజర్వు బ్యాంకుకు చేరుతుంది.